పన్నెండు ఫోటోలు, ఒక ట్యూబ్‌లైటు

తడి దుప్పటి ఒక కొస నేను, ఇంకో కొస అత్త పట్టుకుని పిండుతున్నాం. ఇద్దరం కుడిచేతి వైపుకే తిప్పాలి. మాటల్లో పడితే అత్త ఎటు తిప్పుతోందో మరిచిపోతుంది, మెలిక విడిపోయి నీళ్ళన్నీ నా కాళ్ళ మీద పడతాయి. చివరికి దాన్ని నైలాను తాడు మీద పరిచి చెక్క క్లిప్పులు పెట్టాను. మా పెరట్లో ఇనప తీగ మీద బట్టలు ఆరేయం. గోడకు యాభై అడుగుల అవతల కంచె, కంచె లోపల రేడియో టవరు. అది పని చేస్తున్నంతసేపూ చుట్టుపక్కల ఉన్న ఏ ఇనుము ముట్టుకున్నా చురుక్కుమంటుంది. గేటు గడియ తీయాలన్నా చేతికి గుడ్డ చుట్టుకుంటాం.

అత్త అంటే మా నాన్న అక్క. ప్రసార కేంద్రంలో ట్రాన్స్‌మిటర్ నడిపే ఆపరేటరు. ఒకప్పుడు పదకొండు మంది పని చేసేవారట. ఒక్కొక్కరే రిటైరయ్యారు, వాళ్ళ చోట్లోకి ఎవరూ రాలేదు. ఇప్పుడు అత్త ఒక్కతే. నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో ఆరేళ్ళప్పుడు నన్ను చదువుకోమని ఆమె దగ్గర దింపి వెళ్ళారు. పక్క ఊరి బడిలో చదువు పూర్తయింది. నేను మాత్రం ఈ క్వార్టర్సులోనే ఉండిపోయాను. రోజూ బస్సెక్కి టౌనులో ఒక ఫోటో స్టూడియోకు పనికి వెళ్తాను. నేను ఎక్కువగా నోరు తెరవనని అత్త నన్ను వెక్కిరింపుగా "వాగుడుకాయ్" అని పిలుస్తుంది.

ఆ రోజు స్టూడియోకు సెలవు. నాలుగో క్లిప్పు పెడుతుండగా ఓనరు ఫోన్ చేశాడు.

"అదృష్టమంటే నీదే. ఇంటి గుమ్మం దిగకుండా పని దొరికింది. మీ రేడియో స్టేషన్ ఫోటోలు పన్నెండు కావాలట. హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది, చదువుతా విను. మూతపడిన ప్రసార కేంద్రం, కూల్చివేతకు ముందు తీయవలసిన రికార్డు ఫోటోలు."

"ఏ కేంద్రం అండీ?"

"మీదేనమ్మా. ఎనిమిది నెలలుగా మూతపడి ఉందట కదా? నువ్వెప్పుడూ చెప్పనే లేదు!"

ఫోన్ పెట్టేసి అత్తకు విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె పళ్ళ మధ్య రెండు క్లిప్పులు ఉన్నాయి. అవి తీసి బుట్టలో వేసి, కాసేపు టవరు వంక చూసింది.

"మూతపడిందా? మరి పొద్దున నాలుగున్నరకి లేచి నేను వెళ్ళేది ఎక్కడికే? దొంగతనానికా?" అని నవ్వింది. "అడ్రసు తప్పు రాసుంటారు. వస్తే పంపించేద్దాంలే."

గురువారం ఒక తనిఖీ అధికారి వచ్చాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా, జలుబుతో ఎర్రబడిన ముక్కు. పదకొండున్నరకు వచ్చాడు. అదే ఆయన దురదృష్టమో, మాదో. మా కేంద్రం పొద్దున ఐదున్నర నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పని చేస్తుంది. మధ్యలో ట్రాన్స్‌మిటర్ చల్లారాలి. ఆయన వచ్చేసరికి హాలుకు తాళం వేసి ఉంది. ఇటుకల సందుల్లో గడ్డి మొలిచి ఉంది. అత్త వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా?" అని గేటు దగ్గర నుంచి కేకేశాడు.

"ఉండకపోతే ఉల్లిపాయలు ఎవరు తరుగుతున్నారు బాబూ?" అంటూ అత్త కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

ఆయన సంచీలోంచి కాగితాల కట్ట తీశాడు. అవి మా లాగు పుస్తకం, అంటే డ్యూటీలో జరిగింది రాసే రిజిస్టరు, దాని పేజీల నకళ్ళు. మూడు నెలలకోసారి అత్తే వాటిని హెడ్డాఫీసుకు పంపుతుంది. జనవరి పదకొండున ఒక వాక్యం ఉంది: టవరు పాదం దగ్గర పింగాణీ ఇన్సులేటరు మీద బల్లి పడి ప్రసారం పద్నాలుగు నిమిషాలు ఆగింది. ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. తేదీల కింద గీతలు, గీతల మీద ఖాళీ.

"చూడండి. జనవరి నుంచి ఏమీ రాయలేదు," అన్నాడు.

"అవును. ఏమీ జరగలేదు."

"అదే కదండీ నేను చెప్తున్నది. ఏమీ జరగలేదు. ప్రసారం లేదు."

అత్త ముఖంలో నవ్వు పోయింది. అప్పుడు నాకు అర్థమైంది. మా కేంద్రంలో లాగు పుస్తకం తప్పులకే. అత్త ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న పెద్ద ఇంజనీరు పెట్టిన పద్ధతి అది. సవ్యంగా నడిచిన రోజును రాయకూడదు, ఆగిన నిమిషాన్నే రాయాలి అనేవాడట ఆయన. అందరూ అదే నేర్చుకున్నారు. ఖాళీ పేజీ అంటే వాళ్ళకు గర్వం. ఎవరి డ్యూటీలో ఎన్ని ఖాళీ పేజీలు వరసగా వచ్చాయో చెప్పుకుని పోటీలు పడేవారు. మూడు నెలల పది రోజులు పాత రికార్డు. అత్త ఎనిమిది నెలలు ఒక్క నిమిషం కూడా ఆగకుండా నడిపింది. ఆ కేంద్రం చరిత్రలోనే లేని ఎనిమిది నెలలు. వాటినే హెడ్డాఫీసులో ఎవరో చూసి, కేంద్రం చచ్చిపోయిందని రాసుకున్నారు.

"రాయలేదంటే ఆగలేదని సార్," అంది అత్త.

"రాయలేదంటే నడవలేదని," అన్నాడాయన.

"మరి పాటలూ వార్తలూ మీ వాళ్ళే లైను మీద పంపుతున్నారు కదా, వాటిని నేనేం చేసుకుంటున్నాననుకున్నారు? పచ్చడి పెట్టుకుంటున్నాననా?"

"ఆ లైను నలభై కేంద్రాలకు వెళ్తుందండీ. ఎవరు ఎత్తుకుంటున్నారో, ఎవరు వదిలేస్తున్నారో పంపేవాళ్ళకు తెలీదు."

"ఆరింటిదాకా ఉండండి. కారులో రేడియో పెట్టుకుని వినండి."

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. ఇంకా రెండు కేంద్రాలు చూడాలన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను విన్నది ఫైల్లోకి ఎక్కదమ్మా. ఈ నకళ్ళు చూసి నేను రాసిన రిపోర్టు పైకి వెళ్ళిపోయింది, సంతకాలు అయిపోయాయి. ఇప్పుడు ఫోటోలు ఒక్కటే మిగిలాయి. అవి చేరితే వచ్చే ఒకటో తారీఖున టవరు దించుతారు. మీకు ఇంకోచోట ఏదో సీటు చూస్తారు. ఎవరికీ నష్టం లేదు. అయినా ఈ రోజుల్లో దీన్ని ఎవరు వింటున్నారు చెప్పండి?"

"జనవరిలో పద్నాలుగు నిమిషాలు ఆగితే తొమ్మిది మంది సైకిళ్ళేసుకుని గేటు దగ్గరికి వచ్చారు బాబూ, నాకు ఒంట్లో బాగాలేదేమోనని."

ఆయన తుమ్మాడు. నా వైపు తిరిగి పన్నెండు రకాల అచ్చు కాగితాలు, ఒక్కోటి మూడేసి ఇచ్చాడు. ఒక్కో దాని మీద ఒక ఫోటో అంటించే చోటు, దాని పైన 'నిలిచిపోయిన కేంద్రం' అని శీర్షిక, పక్కన ఏం తీయాలో. టవరు మొత్తం. టవరు పాదం. కంచె. భవనం ముందు భాగం. ట్రాన్స్‌మిటర్ హాలు. ఇలా పన్నెండు. అడుగున ఒక వాక్యం: 'ఈ స్థలంలో ఈ తేదీన ఉన్నది ఉన్నట్టు తీశాను.' దాని కింద ఫోటోగ్రాఫర్ సంతకం.

"పగిలిన కిటికీ, గడ్డి, ఇవి బాగా పడేట్టు చూడమ్మా," అన్నాడు. "మూడు కాపీలు. మా పై ఆఫీసులు మూడింటికీ నువ్వే నేరుగా పోస్టు చెయ్యాలి. మధ్యలో మా ఎవరి చెయ్యీ పడకూడదని రూలు."

నేను తలూపాను. ఆయన వెళ్ళాక అత్త మళ్ళీ ఉల్లిపాయల ముందు కూర్చుంది. ఆ ఇంట్లో అత్త మాట్లాడకపోతే గోడ గడియారం చప్పుడు ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నం కొన్ని ఫోటోలు తీసి చూసుకున్నాను. టవరును తీయడం కష్టం. మూడు వందల అడుగుల ఎత్తు. దగ్గర నుంచి కెమెరా పైకి ఎత్తితే వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పొలం గట్టు దాకా వెళ్తే గానీ నిటారుగా నిలబడదు. ఆరు దాటాక మళ్ళీ కొన్ని తీశాను.

మరునాడు స్టూడియోలో వాటిని తెర మీద పెట్టగానే ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. సాయంత్రం తీసిన ప్రతి ఫోటోలోనూ అడ్డంగా సన్నటి చారలు ఉన్నాయి.

"కెమెరా పోయిందా? కింద పడేశావా?"

"లేదండీ. మధ్యాహ్నం తీసినవి చూడండి. చారలు లేవు. టవరు పని చేస్తున్నప్పుడే పడ్డాయి."

"అయితే మధ్యాహ్నంవే పంపిద్దాం. లేదంటే ఒక్క నొక్కు నొక్కితే చారలన్నీ పోతాయి." ఆయన చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది.

"వద్దండీ," అన్నాను.

నాలుగేళ్ళలో నేను ఆయనకు వద్దు అని చెప్పడం అదే మొదలు. ఆయన కుర్చీతో సహా ఇటు తిరిగాడు.

"ఏంటమ్మా, మీ అత్త కోసం ఆఫీసు వాళ్ళతో పెట్టుకుంటావా? వాళ్ళు రేపు మన గడప తొక్కకపోతే?"

"ఎక్కడా అబద్ధం కలపను. వాళ్ళ కాగితంలో ఏం రాసుందో అదే చేస్తాను. ఉన్నది ఉన్నట్టు తీస్తాను."

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీశాడు. "స్టూడియో పేరు వద్దు. నీ పేరుతో సంతకం పెట్టుకో," అని మళ్ళీ తెర వైపు తిరిగాడు. అది ఒప్పుకోవడమో తప్పుకోవడమో నాకు తెలియలేదు. ఏదైనా నాకు చాలు.

ఇంటికొచ్చి చారల సంగతి చెప్తే అత్తకు మళ్ళీ నవ్వొచ్చింది.

"పిచ్చిదానా, అవి చారలు కావే. ఆరున్నర వార్తలు."

"హెడ్డాఫీసు వాళ్ళు కెమెరా లోపం అంటారత్తా."

"అంటారు. అనకుండా ఉంటారా?" అని ఆమె తాళాలు తీసుకుంది. ప్రతిరోజూ పావు తక్కువ ఆరుకు వెళ్ళి ట్రాన్స్‌మిటర్ వేడెక్కించాలి. గడప దాటాక మూడుసార్లు వెనక్కి తిరిగి చెప్పడం ఆమెకు అలవాటు. "వస్తానే. పప్పు కింద మంట తగ్గించు. వస్తా." మళ్ళీ మలుపు దగ్గర నుంచి, "వస్తానే, తలుపేసుకో!"

నేను వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాను. వరండా మూలలో ఒక ట్యూబ్‌లైటు గోడకు ఆనించి ఉంటుంది. మాడిపోయినది. తీగ లేదు, హోల్డరు లేదు. ఇలాంటివి మా ఆవరణలో ఇంకా ఉన్నాయి. మాడిపోయిన ట్యూబు పారేయకపోవడం ఇక్కడి పాత అలవాటు. టవరు ఎక్కి ఎర్రదీపాలు మార్చే పనివాళ్ళు వాటిని కంచెకు ఆనించి పెట్టుకునేవారు. టవరులో ప్రసారం ఉంటే ఆ గాలిలోని శక్తికి ట్యూబు తనంతట తానే వెలుగుతుంది. ట్యూబు వెలిగితే టవరు ముట్టుకోకూడదు. అది వాళ్ళ ప్రాణాలు కాపాడే గుర్తు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ అది అత్త క్షేమసమాచారం. ఆరింటికి మూలలో అది మసగ్గా వెలిగితే, అత్త పని మొదలైందని తెలుసుకుని నేను అన్నం పొయ్యి మీద పెడతాను.

ఆ రోజూ వెలిగింది. పాలు కలిపిన నీళ్ళ రంగులో, ఒక కొస నుంచి మొదలై. ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్నే చూస్తూ, చేతిలో చింతపండు అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాను. తీగ లేని ఈ వెలుగును మాత్రం కెమెరా లోపం అనలేరు.

ఆదివారం సాయంత్రం ఫోటోలు తీశాం. ఆరుంబావుకు మొదలుపెట్టాను. అప్పుడు ఆకాశంలో ఇంకా నీలం ఉంటుంది, టవరు కడ్డీలు విడివిడిగా కనిపిస్తాయి, ట్యూబు వెలుగు కూడా తేలుతుంది. ఆ రెండూ కలిసి ఉండేది పాతిక నిమిషాలే. స్టాండు మీద కెమెరా పెట్టి, ఒక్కో ఫోటోకు రెండు క్షణాలు తెరిచి ఉంచాలి.

మొదటి ఫోటోకు అత్తే ట్యూబు పట్టుకుంది. కంచె బయట నిలబడి కర్రలా నిటారుగా ఎత్తింది. ఆమె చెయ్యి పట్టుకున్న చోటు దాకా వెలుగు, చేతి కింద చీకటి. వెనకాల మూడు వందల అడుగుల టవరు.

"కదలకత్తా."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"వద్దు."

"ఇదిగో, నోరు తెరవని దానికి అధికారమిస్తే ఇలాగే ఉంటుంది." ఆమె ఆ మాట అంటూనే కదిలింది. ఇంకొకటి తీయాల్సి వచ్చింది. ఐదు నిమిషాలకోసారి మీటర్లు చూడడానికి హాల్లోకి పరిగెత్తి, మళ్ళీ రొప్పుతూ వచ్చింది.

మిగతా వాటికి ట్యూబును నేనే ఎక్కడికక్కడ ఆనించాను. టవరు పాదం ఫోటోకు కంచె కడ్డీలకు ఆనిస్తే తెల్లగా జిగేలుమంది. గేటు దగ్గర కొంచెం తగ్గింది. పగిలిన కిటికీ కింద సగమే వెలిగింది. భవనం ముందు భాగానికి వచ్చేసరికి దగ్గరగా చూస్తే తప్ప తెలియనంత మసక. వెనక ఉన్న స్టోరు గది దగ్గర అసలు వెలగలేదు. అక్కడ వెలగని ట్యూబునే తీశాను. హాలు లోపల ట్యూబు పెట్టలేదు. అక్కడ మీటర్ల ముళ్ళు లేచి ఉన్నాయి, గోడ గడియారంలో ఆరూ నలభై అయింది. గడ్డిని కూడా బాగా పడేట్టు తీశాను. ఆయన అడిగారు కదా.

సోమవారం పన్నెండు కాగితాల మీదా ఫోటోలు అంటించాను. చారలు అలాగే ఉన్నాయి. 'నిలిచిపోయిన కేంద్రం' అనే శీర్షికను కొట్టేయలేదు, దిద్దలేదు. అది వాళ్ళ మాట. కింది వాక్యం నాది. దాని కింద పన్నెండు సార్లు, మూడు కాపీలకు ముప్ఫై ఆరు సార్లు, బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాశాను. మూడు కవర్లు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, రసీదులు అత్త లాగు పుస్తకంలో పెట్టాను.

ఎనిమిది రోజులకు, సాయంత్రం ఐదుంబావుకు, తనిఖీ అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆఫీసుకు కాదు, ఇంటికి. జలుబు తగ్గింది గానీ ముఖం నిద్రలేనట్టు ఉంది. అత్త వరండాలో కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది.

"ఏంటమ్మా నువ్వు చేసిన పని?" అన్నాడు నాతో. "మూడు ఆఫీసుల్లోనూ ఆ ఫోటోలే పట్టుకుని కూర్చున్నారు. తీగ లేని లైటు ఎలా వెలుగుతోందని హెడ్డాఫీసులో ఇప్పటి పెద్ద ఇంజనీరు నన్ను పిలిచి అడిగారు. ఆయన అడుగుతూ నవ్వారు. ఆయన నవ్వితే ఏమవుతుందో నీకు తెలీదు."

నేను నీళ్ళ గ్లాసు ఆయన దగ్గరికి జరిపాను.

"కూల్చివేత ఆపి పెట్టారు. నా రిపోర్టు అబద్ధమవుతోంది."

"అవడమేంటి బాబూ," అంది అత్త, "ముందు నుంచీ అబద్ధమేగా."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మీరు లాగు రాయకపోవడం కూడా తప్పే. దాని మీద చర్య తీసుకోవచ్చు, తెలుసా?"

"తీసుకోండి సార్. తప్పకుండా తీసుకోండి. నా మీద చర్య తీసుకోవాలంటే ముందు నేను పని చేస్తున్నట్టు రాయాలి కదా."

ఆయన నీళ్ళు తాగబోయి ఆగిపోయాడు. ఇక ఆమెతో లాభం లేదనుకున్నట్టు జేబులోంచి టైపు చేసిన ఒక కాగితం తీసి, బల్ల మీద నా ముందు పెట్టాడు. పెన్ను మూత కూడా ఆయనే తీశాడు.

"నీ మంచికే చెప్తున్నానమ్మా. చిన్నపిల్లవి, బతుకంతా ముందుంది. ఇక్కడ సంతకం పెట్టు, అందరికీ తేలిగ్గా అయిపోతుంది. నీ మీద ఏ మాటా రాకుండా నేను చూసుకుంటాను."

కాగితం చదివాను. నెమ్మదిగానే చదివాను, నాకు అలాగే అలవాటు. ఫోటోల్లో కనిపించే ట్యూబ్‌లైట్లు అందం కోసం వేరే కరెంటుతో వెలిగించినవనీ, ప్రసారంతో వాటికి సంబంధం లేదనీ నేను చెప్తున్నట్టు అందులో ఉంది. రెండోసారి కూడా చదివాను. అత్త నా వైపు చూడలేదు. గోడకు ఆనుకుని తన అరచేతులు చూసుకుంటోంది. పెట్టమనీ అనలేదు, పెట్టొద్దనీ అనలేదు. నేను సంతకం పెడితే ఆ టవరు ఒకటో తారీఖున పడుతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఉన్నది ఉన్నట్టు తీశానని మీ కాగితాల మీదే ముప్ఫై ఆరు సార్లు రాశానండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ముప్ఫై ఏడోసారి కాదని రాయను."

"ఇంకోసారి ఆలోచించుకో."

"అనుమానం ఉంటే కాసేపు ఇక్కడే కూర్చోండి." మూలలో గోడకు ఆనించి ఉన్న ట్యూబును చూపించాను. "దాని దగ్గరకెళ్ళి చూడండి. వెనకాల చెయ్యి పెట్టి తడమండి. ఎక్కడైనా తీగ ఉందేమో వెతకండి. అప్పుడు మీరు చెప్పినట్టే సంతకం పెడతాను."

ఆయన లేవలేదు. కానీ కళ్ళు మాత్రం ఆ మూలకు వెళ్ళాయి. దుమ్ము పట్టిన గాజు గొట్టం, రెండు కొసలా నల్లటి మచ్చలు. నేను పెన్నుకు మూత పెట్టి ఆయన వైపు జరిపాను. కాగితాన్ని మడతల మీదే మడిచి, దాని పక్కన పెట్టాను.

"ఇది మొండితనం," అన్నాడాయన. కానీ నా వైపు చూసి అనలేదు, ట్యూబు వైపు చూస్తూ అన్నాడు.

గోడ గడియారంలో పావు తక్కువ ఆరయింది. అత్త అరచేతులు చీరకు తుడుచుకుంది. మేకుకు ఉన్న తాళాలు తీసుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఆయన కుర్చీ పక్కనుంచే నడిచి వరండా దిగింది. పప్పు సంగతి చెప్పలేదు, తలుపు సంగతి చెప్పలేదు. మలుపు దగ్గర కూడా వెనక్కి తిరగలేదు, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. ఆరింటికి ఇంకా పావుగంట ఉంది; ఆయన కుర్చీలోంచి లేవలేదు, మూలనున్న ట్యూబు మీంచి చూపు తిప్పలేదు.